కంప్యూటర్ మారేముందు ఒక చీటీ రాసుకోండి

ఇల్లు మారేటప్పుడు సామానంతా లారీ ఎక్కిస్తాం. చీపురుకట్టని కూడా వదలం. కానీ వంటింటి తలుపు వెనక గోడ మీద పెన్సిలుతో రాసుకున్న ఫోన్ నంబర్లు లారీ ఎక్కవు కదా! కొత్త ఇంట్లో గ్యాసు అయిపోయిన రోజున గానీ అవి గుర్తురావు. అప్పటికి ఇంటివాళ్ళు ఆ గోడకి సున్నం కొట్టించేసి ఉంటారు.

మా ఇంట్లో కంప్యూటర్ విషయంలో అచ్చం ఇలాగే జరిగింది. మీకు అలా జరగకూడదనే ఈ వారం ఈ సంగతి రాస్తున్నాను.

నేను చదివింది ఇంటర్మీడియట్ వరకే. ఏ ఇంగ్లీషు మాటకి అర్థం కావాలన్నా పిల్లల గది తలుపు కొట్టాల్సి వచ్చేది. "ఒక్క నిమిషం అమ్మా" అనేవారు. ఆ నిమిషం ఎంతసేపో మీకు నేను చెప్పక్కర్లేదు. మా అమ్మాయి అత్తవారింటికి వెళ్ళేముందు నాకో ఉపాయం నేర్పింది. క్రోమ్‌లో పైన అడ్రసు రాసే గడి ఉంటుంది చూడండి, అందులో ఎన్ అక్షరం కొట్టి, స్పేస్ నొక్కి, కావలసిన మాట టైపు చేసి ఎంటర్ నొక్కితే తిన్నగా తెలుగు విక్షనరీలో వెతికి పెడుతుంది. డబ్ల్యూ కొడితే తెలుగు వికీపీడియా. వై కొడితే యూట్యూబ్‌లో వంటలు. కిటుకు తెలిశాక నేనే ఒక్కొక్కటీ చేర్చుకుంటూ తొమ్మిది చేశాను. ఇక ఎవరి గది తలుపూ కొట్టే పని లేకపోయింది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. మా పాత కంప్యూటరేమో విండోస్ 11కి పనికిరాదు. బాగున్న దాన్ని పారేయడమెందుకని మా అబ్బాయి అందులో లినక్స్ మింట్ వేశాడు. అది ఉచితమే. "బుక్‌మార్కులు పెన్‌డ్రైవ్‌లో పెట్టానమ్మా, అన్నీ వచ్చేస్తాయి" అన్నాడు. నేనూ నమ్మాను.

మర్నాడు ఎన్ కొట్టి, స్పేస్ నొక్కి, మాట రాశాను. విక్షనరీ రాలేదు సరికదా, ఆ ఎన్‌తో సహా మొత్తం గూగుల్‌లో వెతికింది! బుక్‌మార్కులన్నీ వచ్చాయి గానీ షార్ట్‌కట్లు ఒక్కటీ రాలేదు. అప్పుడు తెలిసిందేమిటంటే, క్రోమ్‌లో బుక్‌మార్కులు వేరు, ఈ సెర్చ్ షార్ట్‌కట్లు వేరు. బుక్‌మార్కుల ఫైలులోకి ఇవి ఎక్కవు. పాత డిస్కు అప్పటికే చెరిపేశారు. గోడకి సున్నం కొట్టేసినట్టే!

ఏడింటిని మళ్ళీ పెట్టుకున్నాను. ఎనిమిదోది మొక్కల గురించిన సైటు, దాని పేరు ఎంత తలుచుకున్నా తట్టలేదు. తొమ్మిదోది ఏమిటో అసలు గుర్తే లేదు. "పోనిద్దూ, ఇంత చిన్నదానికా" అన్నారు మావారు. చిన్నదే. కానీ ఇంట్లో అందరి వస్తువులూ భద్రంగా వచ్చి, నేను కూర్చుకున్నవి మాత్రమే పోతే మనసు చివుక్కుమనదూ?

ఆమధ్య మా అక్కయ్యకి వాళ్ళబ్బాయి తన మ్యాక్ ఇచ్చాడు. అక్కయ్యది అంతవరకూ విండోస్. ఈసారి ముందే జాగ్రత్తపడ్డాం. మేం చేసిన పద్ధతి ఇదీ:

పాత కంప్యూటర్లో క్రోమ్ సెట్టింగ్స్ తెరిచి, సెర్చ్ ఇంజన్ అన్న చోటికి వెళ్ళండి. 'మేనేజ్ సెర్చ్ ఇంజన్స్ అండ్ సైట్ సెర్చ్' అని ఉంటుంది. అందులో సైట్ సెర్చ్ కింద మీ షార్ట్‌కట్లన్నీ వరసగా కనిపిస్తాయి. పక్కనున్న పెన్సిలు గుర్తు నొక్కితే మూడు గడులు వస్తాయి: పేరు, షార్ట్‌కట్, అడ్రసు. అడ్రసు మధ్యలో శాతం గుర్తు, దాన్ని ఆనుకుని చిన్న ఎస్ అక్షరం ఉంటాయి. మనం వెతికే మాట వచ్చి కూర్చునే పీట అదే. అది లేకపోతే షార్ట్‌కట్ పనిచేయదు.

ఈ మూడింటినీ చేత్తో రాయకండి, ఒక్క చుక్క తప్పినా దారి తప్పుతుంది. కాపీ చేసి ఒక ఈమెయిల్లో పెట్టి మీకు మీరే పంపుకోండి. కొత్త కంప్యూటర్లో అదే చోటికి వెళ్ళి, యాడ్ నొక్కి ఒక్కొక్కటీ అతికించండి. విండోస్, మ్యాక్, లినక్స్, ఎక్కడైనా అడ్రసు ఒకటే. అన్నీ పనిచేస్తున్నాయని చూసుకున్నాకే పాతది చెరపనివ్వండి.

అడ్రసు పోగొట్టుకున్నవాళ్ళు ఆ సైటులో ఏదైనా వెతికి, పైన వచ్చిన అడ్రసులో మీ మాట ఉన్నచోట శాతం గుర్తు, ఎస్ పెట్టుకోవచ్చు. వెతికే మాట ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి సుమా! తెలుగులో వెతికితే, కాపీ చేసేసరికి అది శాతం గుర్తులూ అంకెలతో చాంతాడంత అవుతుంది. అడ్రసులో మన మాట కనబడకపోతే ఈ కిటుకు ఆ సైటుకి పనికిరాదు.

రెండుచోట్లా క్రోమ్‌లో ఒకే గూగుల్ ఖాతాతో లాగిన్ అయి, సింక్ పెట్టుకుంటే ఇవి వాటంతటవే వస్తాయి. మాది ఇంటిల్లిపాదీ వాడేది కనుక నేను లాగిన్ పెట్టుకోలేదు. లినక్స్‌లో క్రోమియం అనేది కూడా దొరుకుతుంది. పేరు చూసి క్రోమే అనుకోకండి. 2021 మార్చి నుంచి అందులో గూగుల్ సింక్ లేదు.

లినక్స్ మింట్‌తో పాటు వచ్చేది ఫైర్‌ఫాక్స్. అందులో ఆ అడ్రసునే బుక్‌మార్కుగా పెట్టి, కీవర్డ్ అనే గడిలో మన అక్షరం రాస్తే సరిపోతుంది. ఇందులో ఒక సుఖం ఉంది. ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్కులు ఫైలుగా తీసి మరో కంప్యూటర్ ఫైర్‌ఫాక్స్‌లో వేసుకుంటే ఆ అక్షరం కూడా వెంట వస్తుంది.

ఇంకొక్క హెచ్చరిక. క్రోమ్ ఈ షార్ట్‌కట్లని 'వెబ్ డేటా' అనే ఫైలులో దాస్తుంది. ఆ ఫైలే కాపీ చేస్తే పోలేదా అని కొందరు సలహా ఇస్తారు. ఫారాల్లో నింపిన పేర్లు, అడ్రసులు, దాచుకున్న కార్డుల సమాచారం కూడా ఉండేది అందులోనే. పైగా రహస్యంగా దాచినవి ఒక సిస్టం నుంచి ఇంకో సిస్టానికి వెళితే తెరుచుకోవు. నాలుగు అడ్రసుల కోసం బీరువా మొత్తం ఎవరి పెన్‌డ్రైవ్‌లోనో పెట్టి పంపుతామా?

అక్కయ్యవి పద్నాలుగుంటే పద్నాలుగూ వచ్చాయి. వాటిలో ఒకటి మొక్కల సైటు. తీరా చూస్తే నేను పోగొట్టుకున్నదే! ఎప్పుడో నేనే తనకి చెప్పానట. ఇప్పుడు ఆ ఎనిమిదోది కూడా నా చీటీలో ఉంది. తొమ్మిదోది ఇంకా గుర్తు రాలేదు.

మధ్యాహ్నం పనులయ్యాక ఒక పావుగంట కూర్చుని మీ చీటీ ఇవాళే తయారు చేసుకోండి. ఎప్పుడు సున్నం కొడతారో ఇంటివాళ్ళు ముందుగా చెప్పరు కదా!