వార్డెన్ అంటే కాపలాదారేనా?
పాఠం చెప్పడానికి నెట్, పిహెచ్.డి. లాంటి అర్హతలు అడుగుతారు. వందలమంది అమ్మాయిలుండే హాస్టల్ చూసుకోవడానికి మాత్రం చాలాచోట్ల ఏ శిక్షణా అడగరు! ఎవరో ఒక లెక్చరర్‌కి అదనపు డ్యూటీగా అంటగడతారు. ఆమె చేతిలో మిగిలేది గేటు తాళమే.

భద్రత పేరుతో మగపిల్లలకు లేని ఆంక్షలు ఆడపిల్లల హాస్టళ్లలో పెట్టకూడదని యు.జి.సి. 2015 నిబంధనలే చెబుతున్నాయి. ఎంతమంది వార్డెన్లకు ఈ మాట తెలుసు? తెలియకపోతే తప్పు వాళ్లది కాదు. నేర్పిందెవరు?

తిరుపతిలో 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్, స్త్రీ అధ్యయన శాఖలున్నాయి. అక్కడి పి.జి. విద్యార్థినులకు కౌన్సెలింగ్, ఫిర్యాదుల విచారణ, హాస్టల్ నిర్వహణ నేర్పాలి. నేర్చుకున్నవాళ్లకు కాలేజీల్లో శాశ్వత ఉద్యోగాలివ్వాలి.

కుప్పం, పలమనేరు పల్లెల నుంచి తొలిసారి ఇల్లు వదిలొచ్చిన పిల్లకు కావలసింది కాపలా కాదు, తన మాట వినే మనిషి. ఆ మనిషిని తయారుచేయమని గట్టిగా అడుగుదాం.