నీళ్ళ ఒడ్డున రెండు పార్కులు

కూలివానికి షికారేమిటి, పడవ విహారమేమిటి అనే మాట భూస్వాముల నోటనే కాదు, ఒక్కోసారి మన కార్యకర్తల నోట కూడా వినిపిస్తుంది. కూలి రేట్లు, ఇళ్ళ స్థలాలు, బంజర్ల పంపకం, ఇవీ మన సమస్యలు. నీళ్ళ ఒడ్డున చెట్టు కింద కాసేపు కూర్చోవటం కూడా ఒక సమస్యేనా? సమస్యే. ఆ నీళ్ళ కిందికి పోయిన భూమి ఎవరిది, ఒడ్డున మిగిలిన భూమి ఎవరి పాలయింది అనే ప్రశ్న అందులోనే ఉన్నది. అమెరికాలో టెన్నెస్సీ రాష్ట్రాన ఒకే సరస్సు ఒడ్డున వెలసిన రెండు ప్రభుత్వ పార్కుల కథ చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

టెన్నెస్సీ పేరు మనకు కొత్తదేమీ కాదు. 1933 మే నెలలో అధ్యక్షుడు రూజ్వెల్టు సంతకంతో పుట్టిన టెన్నెస్సీ లోయ సంస్థను చూసే మన దేశంలో 1948లో దామోదర్ లోయ కార్పొరేషన్ పెట్టారు. ఆ సంస్థ చేసిన మేలును కాదనలేము. ప్రైవేటు కరెంటు కంపెనీలు కోర్టుల దాకా పోయి అడ్డుపడినా, దీపం ఎరగని పల్లెలకు ప్రభుత్వ రంగంలో కరెంటు తెచ్చింది. ఏటేటా ముంచే వరదలకు కళ్ళెం వేసింది. అయితే ఆ మేలుకు మూల్యం ఎవరు చెల్లించారు?

చట్టనూగ నగరం దగ్గర చికమాగ ఆనకట్ట పని 1936లో మొదలై 1940లో ముగిసింది. దానికోసం 60 వేల ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. సుమారు 900 కుటుంబాలను ఊళ్ళ నుంచి లేపారు. నిండితే సరస్సు విస్తీర్ణం దాదాపు 36 వేల ఎకరాలు. అంటే తీసుకున్న భూమి అంతా మునగలేదు. ఒడ్డు పొడుగునా చాలా మిగిలింది. పార్కులు వచ్చింది ఈ మిగులు భూమి మీదనే.

మునిగినదానిలో హారిసన్ అనే ఊరు ఒకటి. 1840 నుంచి 1870 దాకా ఆ జిల్లాకు అదే ముఖ్యపట్టణం. అంతకుముందు ఆ నేల చెరొకీ ఆదివాసులది. జోసెఫ్ వాన్ అనే చెరొకీ నాయకుడి పల్లెలు అక్కడ ఉండేవి. 1838లో సైన్యాన్ని పెట్టి చెరొకీలను పడమటికి తోలారు. దారిలో వేలమంది చచ్చిపోయారు. (వాన్ కూడా నల్ల బానిసలను పెట్టి సేద్యం చేయించిన ఆసామే. ఆదివాసి అయినంత మాత్రాన అందరిదీ ఒకే వర్గం కాదు మరి.) ఆదివాసులను తరిమి తెల్లవారు కట్టుకున్న ఊరు నూరేళ్ళకు నీళ్ళపాలయింది.

రైతుకూలీలు గమనించవలసిన విషయం ఇక్కడ ఉన్నది. సంస్థ భూమికి ధర కట్టింది; కాని ఆ ధర పట్టాదారు చేతికి ముట్టింది. పాలుకు చేసేవాడికీ, కౌలుకు చేసేవాడికీ అందులో వాటా లేదు. తరతరాలుగా దున్నిన చేను మునిగిపోతుంటే అతనికి దక్కింది ఎక్కడికి పోతే బాగుంటుందో అధికారులు చెప్పిన సలహా మాత్రమే. అమెరికా దక్షిణాదిలో ఈ పాలుకాపులలో నల్లవారు ఎంతమందో చెప్పనక్కరలేదు.

ఇక పార్కుల సంగతి. హారిసన్ బే పార్కు టెన్నెస్సీలో మొట్టమొదటి రాష్ట్ర పార్కు. 1930వ దశకంలోనే, మునిగిన ఊరి పేరుతోనే, 1,200 ఎకరాలలో ఏర్పడింది. గుడారాలు వేసుకునే చోట్లు, పడవలు, చేపల వేట, అన్నీ ఉన్నాయి. అయితే అది తెల్లవారికి. అదే సరస్సు ఒడ్డున నల్లవారికి వేరే పార్కు అన్నారు. 1938లో స్థలం లీజుకు తీసుకున్నారు. 353 ఎకరాలు! దాన్ని చాలా భాగం నిర్మించింది నల్లజాతి యువకుల శ్రమదళమే. ఆర్థిక మాంద్యంలో పనిలేని యువకుల కోసం పెట్టిన ఆ దళాల్లో జీతం నెలకు 30 డాలర్లు. అందులో 25 ఇంటికి పంపాలి. దళాలు కూడా తెల్లవి వేరు, నల్లవి వేరు. ఈలోగా యుద్ధం వచ్చి పని ఆగింది. పార్కు గేటు తెరిచేసరికి 1950 అయింది.

దానికి పెట్టిన పేరు బుకర్ టి. వాషింగ్టన్. బానిసగా పుట్టి, చిన్నతనంలో ఉప్పు బట్టీల్లో పనిచేసి, విద్యా సంస్థ నిర్మించిన పెద్దమనిషి ఆయన. సమానత్వం కోసం ఇప్పుడే ఒత్తిడి చేయవద్దు, ముందు పని నేర్చుకోండి అని 1895లో అట్లాంటాలో హితవు చెప్పింది కూడా ఆయనే. వేరు పార్కుకు పాలకులు ఆ పేరు ఏరి పెట్టారంటే ఆశ్చర్యపోవలసిన పని లేదు.

ఆనకట్టను రూజ్వెల్టు జాతికి అంకితం చేసిన రోజు 1940 సెప్టెంబర్ 2. అది అమెరికా వారి కార్మిక దినం! కార్మికుల పండగనాడు ప్రారంభమైన సరస్సులో నల్ల కార్మికుడు ఏ ఒడ్డున దిగాలో చర్మం రంగే నిర్ణయించింది.

ఈ గోడ దానంతటదే కూలలేదు. 1960 ఫిబ్రవరిలో చట్టనూగలో హవర్డ్ హైస్కూలు నల్లజాతి విద్యార్థులు తెల్లవారికే తిండి పెట్టే టిఫిన్ కౌంటర్ల వద్ద పోయి కూర్చున్నారు. దెబ్బలు తిన్నారు, అరెస్టయ్యారు. అట్లాంటి పోరాటాల ఫలితంగానే ఆ దశకంలో పార్కులు అందరికీ తెరుచుకున్నాయి. నేడు రెండు చోట్లకూ ఎవరైనా పోవచ్చు. బుకర్ టి. వాషింగ్టన్ పార్కులో ఈతకొలను ఉంది, చేపలు పట్టే చోట్లు ఉన్నాయి, కుటుంబాలు అన్నం మూటలతో వచ్చి కూర్చుంటాయి. హారిసన్ బేలో గోల్ఫు మైదానం కూడా పెట్టారు. రంగు అడ్డు పోయాక డబ్బు అడ్డు మొదలైందనిపిస్తుంది.

మన దగ్గరికి వద్దాం. శ్రీశైలం జలాశయం కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా పల్లెలను ముంచారు. 1981లో ఇళ్ళు కూలగొట్టి మరీ జనాన్ని వెళ్ళగొట్టారు. ఇవాళ అదే నీటి మీద పర్యాటక శాఖ లాంచీలు తిరుగుతున్నాయి, సోమశిల ఒడ్డున కాటేజీలు వెలిశాయి. లాంచీ తిరగవద్దని మనం అనటం లేదు. ఎండలో మాడే కూలితల్లి కూడా పిల్లలను తీసుకుని ఆ ఒడ్డున ఒక పూట గడపాలి. అది ఆమె హక్కు. అయితే నీరు తీసినప్పుడు శిఖంలో నాలుగు గింజలు చల్లుకునేవాళ్ళను, వల వేసుకునేవాళ్ళను రిసార్టు కంచె పేరుతో తరమటం ఎక్కడి న్యాయం?

టెన్నెస్సీలో కౌలుదారుకు లేని ఒక ఆయుధం మనకు ఉన్నది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం, భూమి లేకపోయినా సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ భూమి మీద బతుకుతున్న వ్యవసాయ కూలీ, కౌలుదారు, చేతివృత్తివాడు కూడా బాధితుల కిందికే వస్తారు. నీటి వనరుల మీద ఆధారపడిన జాలరులకూ ఇది వర్తిస్తుంది. కాగితం మీద ఉన్నది జాబితాలోకి ఎక్కాలంటే సర్వే అధికారి ఊళ్ళోకి వచ్చిన రోజునే సంఘం కార్యకర్త పక్కన నిలబడాలి. పట్టా పుస్తకం లేని ఇల్లు దాటి పోనివ్వకుండా, ప్రతి గుడిసెలో ఎవరు ఎవరి చేలో పని చేస్తున్నారో పేరుపేరునా రాయించాలి. రాసింది గ్రామసభలో చదివించాలి.