పెండ్లి గుర్రం మీద పిల్లగాన్ని కూసోబెడితే థెరపీ అయితదా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల గుర్రమంటే మనకు కనవడేది పెండ్లి బరాత్‌లనే. డీజే ఎనుక పెండ్లికొడుకును మోసుకుంట పోతది. మూఢం వచ్చిందంటే దానికి పనుండదు, దాణా ఖర్చు మాత్రం ఓనర్ మీదనే. గీ మధ్య ఫోన్లల్ల ఇంకో గుర్రం తిరుగుతున్నది. నడవలేని పిల్లగాడు గుర్రమెక్కి నవ్వుతుంటడు, కింద ‘ఆటిజం కూడా నయమైతది’ అని రాసుంటది. గది చూసి, మన ఖాళీ గుర్రాన్ని గిట్ల వాడొచ్చు గదా అనుకునే తమ్ముండ్లు ఉంటరు. ఆలోచన చెడ్డది కాదు, కానీ సగమే.

అసలు ముచ్చట గుర్రం నడకల ఉన్నది. అది నడుస్తుంటే మీద కూసున్నోళ్ల నడుము ముందుకు ఎనుకకు, పక్కలకు, కొంచెం తిరుగుకుంట కదులుతది. మనం నడిచేటప్పుడు కూడా దాదాపు గట్లనే కదులుతది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు ఆ కదలిక ఒంటికి తెలిసి, కూసునే బ్యాలెన్స్ కుదిరే అవకాశముంటది. డెన్మార్క్ ఆమె లిస్ హార్టెల్‌కు పోలియోతోటి మోకాళ్ల కింద కాళ్లు పడిపోయినయి. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఒకరు పట్టుకోవాలె. అయినా 1952ల హెల్సింకి ఒలింపిక్స్‌ల మగోళ్లతోటి పోటీపడి గుర్రపుస్వారీల వెండి పతకం కొట్టింది. పోలియో మాత్రం ఆమెను ఇడువలేదు. ఆటిజం నయం చేస్తమని రీల్స్‌ల చెప్పెటోళ్లకు పైసలు కట్టకుండ్రి.

ఇగ మనుషుల లెక్క. ఒక్క పిల్లగాడు ఎక్కితే ఒకరు గుర్రాన్ని పట్టుకోవాలె, ఇద్దరు చెరో దిక్కు నడవాలె, ఫిజియోథెరపిస్టు చూసుకోవాలె. తుంటి కీలు జారినోళ్లను, ఫిట్స్ కంట్రోల్ కానోళ్లను ఎక్కియ్యొద్దు. డౌన్ సిండ్రోమ్ పిల్లలల్ల కొందరికి మెడ ఎముకలు వదులుగ ఉంటయి, డాక్టర్ చూసినంకనే ఎక్కియ్యాలె. డీజేకు బెదరని గుర్రమైనా, మీదున్న పిల్లగాడు కేకేసి జూలు గుంజితే ఏం చేస్తదో చెప్పలేం. దానికి వేరే ట్రైనింగ్ కావాలె. ఓనర్‌ను మాత్రం పక్కకు పెట్టొద్దు, చెవులు చూసి గుర్రం మనసు చెప్పేది ఆయనే.

నన్నడిగితే గుర్రం కన్నా ముందు ఫిజియోథెరపిస్టును అడగాలె. మండలాలల్ల భవిత కేంద్రాలున్నయి, కానీ ఫిజియోథెరపీ రోజూ ఉండదు. సూర్యాపేట నుంచి హైదరాబాద్ 130 కిలోమీటర్ల పైనే. కూలికి పోయే తల్లి వారం వారం బిడ్డను సంకనేసుకొని బస్సెక్కుడు అయ్యే పనేనా? దివ్యాంగుల పింఛన్ 2023ల 4,016 రూపాయలు చేసిండ్రు, గంతల మందులు, తిండి, తిరుగుడు అన్నీ ఎల్లాలె. నేషనల్ ట్రస్ట్ ‘నిరామయ’ బీమాల ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నోళ్లకు ఏడాదికి లక్ష రూపాయల దాక ఆసరా ఉన్నది, థెరపీకి కూడా అండ్ల కొంత వస్తది. మీ వాడకట్టుల గసుంటి పిల్లలుంటే ఆ దరఖాస్తు మీరే నింపుండ్రి.

గుర్రం సంగతి ఒక్క కాడ మొదలుపెడితే చాలు. సూర్యాపేటల 2019 నుంచి సర్కారు మెడికల్ కాలేజీ నడుస్తున్నది. మెత్తటి గ్రౌండు, రెండు నెమ్మదైన గుర్రాలు, వారానికి రెండు పొద్దులు. కోదాడోళ్లకు హైవే ఉన్నది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లా కిందికొస్తదని అక్కడి పిల్లలను గేటు కాడ ఆపొద్దు.