మొక్కను వంచండి, విరవకండి

"మొక్కై వంగనిది మానై వంగునా?" అను సామెతను ఇటీవల నా వైద్యశాలలో తరచుగా వింటున్నాను. పదేళ్ళ పిల్లవాడిని తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి మైదానానికి తీసుకొనిపోయే తల్లిదండ్రులు తమ పట్టుదలకు సమర్థనగా దీనిని చెబుతారు. సామెత సత్యమే. అయితే మన పెద్దలు మొక్కను వంచమన్నారే గాని విరవమనలేదు.

ఈ విషయంలో నేను చేసిన ఒక పొరపాటును ముందుగా చెప్పుకొనవలెను. కొన్నేళ్ళ క్రితం ఒక దంపతులు పన్నెండేళ్ళ కుమార్తెను తీసుకొనివచ్చినారు. ఆ అమ్మాయి బాడ్మింటన్ నేర్చుకొంటున్నది. మోకాలిచిప్పకు దిగువన ఎముక మీద వాపు, నొప్పి. "వైద్యులుగారూ, ఆదివారం పోటీ ఉన్నది. అప్పటికి తగ్గేటట్లు మంచి తైలం ఇవ్వండి" అన్నారు తండ్రిగారు. తైలమిచ్చి పంపినాను. రోజుకు ఎన్ని గంటలు ఆడుతున్నదో అడుగలేదు.

నెల తిరిగేసరికి ఆ పాప కుంటుతూ వచ్చింది. తండ్రిగారిని వరండాలో కూర్చోమని, తల్లి సమక్షంలో అడిగితే అప్పుడు చెప్పింది: ఉదయం రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు, వారంలో ఒక్కరోజు కూడా సెలవు లేదు. "నొప్పి అంటే నాన్నగారు బాధపడతారు తాతగారూ, అందుకే చెప్పలేదు" అన్నది. ఆ మాట నాకు నేటికీ మరపునకు రాలేదు.

వెంటనే ఎముకల వైద్యునికి చూపించమన్నాను. ఎదిగే వయసులో తొడ కండరం మోకాలి దిగువన అతుకుకొనే చోట ఎముక ఇంకా గట్టిపడి ఉండదు. పదేపదే గెంతడం, పరుగెత్తడం వలన అక్కడ లాగుడు పడి వాపు వస్తుంది. దానికి ప్రధాన చికిత్స ఆట తగ్గించడమే. కొన్ని నెలల విశ్రాంతి తరువాత ఆ అమ్మాయి మరల ఆడగలిగింది. నొప్పి శరీరం చేసే హెచ్చరిక. దానిని వినవలసిన నేను తైలంతో కప్పిపుచ్చినాను.

గురుకులంలో మేము చదువుకొన్న అష్టాంగహృదయంలో వాగ్భటాచార్యుడు వ్యాయామాన్ని ఎంతో ప్రశంసించినాడు. దేహం తేలికపడుతుందనీ, జఠరాగ్ని ప్రజ్వలిస్తుందనీ చెప్పినాడు. వెంటనే హద్దు కూడా గీసినాడు. బలము కలిగి, నేతితో కూడిన ఆహారం తినేవారు సైతం చలికాలంలోను, వసంతంలోను తమ శక్తిలో సగం మేరకే శ్రమించవలెను. ఇతర ఋతువులలో అంతకన్న తక్కువ. బాలురకు, వృద్ధులకు, అజీర్ణరోగులకు వ్యాయామం తగదన్నాడు. పిల్లల ఆటపాటలను ఆయన వద్దనలేదనీ, దేహాన్ని అలయగొట్టే శ్రమనే వద్దన్నాడనీ నా అభిప్రాయం. హద్దు మీరినవాడు ఏనుగును ఈడ్వబోయిన సింహం వలె నశిస్తాడని ఆయన హెచ్చరిక. మరి మనము? సరిగ్గా మే నెల ఎండలో పిల్లలను వేసవి శిబిరాలకు పంపుతున్నాము.

2006లో ఒడిశాలో నాలుగేళ్ళ బాలుని చేత పూరీ నుండి భువనేశ్వర్ దిశగా 65 కిలోమీటర్లు పరుగెత్తించినారు. చాలామంది చప్పట్లు కొట్టినారు. చివరకు ప్రభుత్వమే కల్పించుకొని అట్టి దూరపు పరుగులను ఆపవలసి వచ్చింది.

"చిన్ననాడే గెలవకపోతే ఎట్లా?" అనేవారికి నా సమాధానం ఇది. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో పతకం సాధించేనాటికి ఆమె వయసు 25. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచేనాటికి 27. పి.వి. సింధు 2016లో రియోలో రజతం తెచ్చేనాటికి 21. వీరందరూ చిన్ననాడే సాధన ఆరంభించినవారే. కాని పతకాన్ని మోసినది ఎదిగిన దేహం. ఆ దేహం ఎదగకముందే దానిని ఖర్చు చేసుకొనరాదు.

నేటి పిల్లల క్రీడావైద్యులు చెప్పే నియమాలు మన ప్రాచీనుల మాటకు దగ్గరగానే ఉన్నవి. వారానికి శిక్షణ గంటలు పిల్లల వయసును మించకుండడం మంచిది. పదేళ్ళవానికి పది గంటలు. వారంలో ఒకరోజైనా పూర్తి విశ్రాంతి ఉండవలెను. ఏ ఒక్క ఆటకైనా ఏడాదిలో రెండు మూడు నెలలు విరామమిచ్చి, ఆ కాలంలో వేరే ఆటలు ఆడనివ్వవలెను. పన్నెండేళ్ళ లోపు వారికి తొమ్మిది గంటలకు తగ్గని నిద్ర, ఆ పైవారికి ఎనిమిది నుండి పది గంటల నిద్ర అవసరం. వేకువనే లేపదలచినవారు రాత్రి పెందలకడనే పడుకోబెట్టవలెను.

ఆహారానికి ఖరీదైన డబ్బాలు అక్కరలేదు. రాగిజావ, పెసలు, నువ్వుండలు, పాలు, గుడ్డు తినే ఇండ్లలో గుడ్డు, అన్నంలో నెయ్యి చాలును. ఎండలో ఆడి వచ్చినవారికి ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మేలు. నువ్వులనూనె అభ్యంగనం మంచిదే గాని, కొత్తగా తగిలిన దెబ్బ మీద, వాపు మీద మర్దన చేయరాదు. ఆడపిల్లలకు నెలసరి ఆరంభమైన తరువాత మూడు నెలలు ఆగిపోతే ఆలస్యం చేయక వైద్యులకు చూపించవలెను.

మా వృత్తికి సంబంధించిన మాట కూడా దాచక చెబుతాను. చీటీ లేని బలవర్ధక చూర్ణాలను, అవి ఆయుర్వేదమని ఎవరు చెప్పినా, పిల్లలకు ఇవ్వకండి. అట్టివాటిలో స్టెరాయిడ్లు కలిసి ఉండవచ్చును. కొన్నిటి వలన పిల్లల ఎదుగుదల శాశ్వతంగా ఆగిపోతుంది. పరీక్షలో పట్టుబడితే బాధ్యత కూడా క్రీడాకారునిదే.

శిక్షకులకు ఒక మనవి. నొప్పి అని చెప్పిన పిల్లవాడిని పిరికివాడనకండి. ఒక్కసారి అట్లా అంటే మరల చెప్పడు.

తల్లిదండ్రులారా! బిడ్డ మైదానం నుండి ఇంటికి రాగానే "గెలిచావా?" అని అడుగుతున్నాము. ఈ సాయంత్రం నుండి "ఎక్కడైనా నొప్పిగా ఉన్నదా నాయనా?" అని ముందుగా అడగండి. ఏమి చెప్పినా కోపగించుకోకుండా వినండి. ఆ రోజున నేను అడుగక పోగొట్టుకొన్నది ఆ ఒక్క ప్రశ్ననే.