ఓడని నాయకుడికి తీర్పు చెప్పిందెవరు?

విశాఖ రాజకీయాల్లో గంటా శ్రీనివాసరావు పేరు ఎత్తగానే వినిపించే మాట ‘ఓటమి ఎరుగని నాయకుడు’. అందులో అబద్ధం లేదు. 1999లో అనకాపల్లి నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఆ తర్వాత 2004లో చోడవరం, 2009లో అనకాపల్లి, 2014లో భీమిలి, 2019లో విశాఖ ఉత్తరం, 2024లో మళ్లీ భీమిలి ఆయన్ను శాసనసభకు పంపాయి. ఆరు పోటీలు, ఆరు గెలుపులు. తెలుగుదేశం, ప్రజారాజ్యం, దాని విలీనంతో కాంగ్రెస్, తిరిగి తెలుగుదేశం అన్నది పార్టీల వరస. కిరణ్‌కుమార్ రెడ్డి దగ్గరా, చంద్రబాబు నాయుడు దగ్గరా మంత్రిగా పనిచేశారు. అభిమానులు ఈ జాబితాను పైనుంచి కిందకి చదివి చప్పట్లు కొడతారు. నేను దాన్ని మరోలా చదవమంటాను. ఈ ఆరింటిలో గెలిచిన స్థానంలో, గెలిచిన వెంటనే వచ్చిన ఎన్నికల్లో, అదే ఓటర్ల ముందు నిలబడి ‘అయిదేళ్లు చూశారు కదా, ఇంకోసారి ఇవ్వండి’ అని అడిగిన సందర్భం ఒక్కటీ లేదు. మార్కులు వేయాల్సిన వాళ్లను ప్రతిసారీ మార్చుకుంటూ పోయినప్పుడు, ఆ మార్కుల మొత్తం దేనికి కొలత అన్నదే నా ప్రశ్న.

పోల్చుకోవడానికి పాత విశాఖ జిల్లాలోనే ఇంకో సుదీర్ఘ రాజకీయ జీవితం ఉంది. చింతకాయల అయ్యన్నపాత్రుడు 1983లో ఎన్టీ రామారావు గాలిలో నర్సీపట్నం నుంచి సభకు వచ్చారు. 1985, 1994, 1999, 2004, 2014, 2024ల్లోనూ అక్కడి నుంచే గెలిచారు. 1989, 2009, 2019ల్లో అక్కడే ఓడారు. మధ్యలో 1996లో అనకాపల్లి ఎంపీగా ఢిల్లీ వెళ్లినా మళ్లీ నర్సీపట్నానికే తిరిగొచ్చారు. ఇప్పుడు శాసనసభ స్పీకర్. ఏడు గెలుపులు, మూడు ఓటములు. రికార్డుగా చూస్తే ఆరుకు ఆరు ముందు ఇది వెలవెలబోతుంది. అయితే ఆ పది తీర్పులూ ఒకే చోటి జనం ఇచ్చినవి. ఆయన ఓడిన మూడుసార్లూ పార్టీ రాష్ట్రమంతటా ఓడింది కాబట్టి అవి ఆయన మీద తీర్పులు కావని ఎవరైనా అనొచ్చు. మరి 2004లో? ఉమ్మడి రాష్ట్రంలో తెలుగుదేశం 294లో 47 స్థానాలకు కుంచించుకుపోయిన ఆ ఏడాది నర్సీపట్నం ఆయన్ను వదులుకోలేదు. అయిదేళ్ల తర్వాత అదే నర్సీపట్నం ఆయన్ను కాదని కాంగ్రెస్ అభ్యర్థి బోళెం ముత్యాలపాపను గెలిపించింది. ఎప్పుడు ఉంచాలో, ఎప్పుడు దించాలో తేల్చుకునే అవకాశం ఆ ఊరి చేతిలో ఉందని ఈ రెండు ఫలితాలే చెబుతున్నాయి. ఆయన ఎంత మంచి శాసనసభ్యుడో నాకు ఇక్కడ ముఖ్యం కాదు. ఎంత మంచివారో చెప్పగలిగిన వాళ్లకు చెప్పే వీలు దొరికిందా అన్నదే ముఖ్యం.

ఆ వీలు దొరకకపోతే ఏమవుతుందో విశాఖ ఉత్తరం చెబుతుంది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం విశాఖ ఉక్కు కర్మాగారంలో నూటికి నూరు శాతం వాటాల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. పది రోజుల్లోనే, ఫిబ్రవరి 6న, గంటా శాసనసభ్యత్వానికి రాజీనామా ప్రకటించారు. తర్వాత స్పీకర్ ఫార్మాట్‌లో మరో లేఖ ఇచ్చారు. 1966లో ఉక్కు కోసం ప్రతిపక్ష సభ్యులు పదవులు వదులుకున్న చరిత్ర ఉన్న నగరం ఇది. నవంబరు 1న ఇక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. కాబట్టి ఉక్కు పేరుతో ఇచ్చే రాజీనామాకు ఇక్కడ మామూలు కంటే ఎక్కువ బరువుంటుంది. కానీ రాజ్యాంగం 190వ అధికరణం ప్రకారం స్పీకర్ ఆమోదిస్తేనే సీటు ఖాళీ అవుతుంది. రాజీనామా స్వచ్ఛందమైనదో కాదో తేల్చుకునే అధికారమూ ఆయనదే. అప్పటి స్పీకర్ తమ్మినేని సీతారాం ఆ లేఖను ఆమోదించింది 2024 జనవరి 23న, అంటే దాదాపు మూడేళ్లకు, రాజ్యసభ ఎన్నికల ముంగిట. కూర్మన్నపాలెంలో కార్మికుల రిలే దీక్షల శిబిరం మొదలై అప్పటికి మూడేళ్లు కావస్తోంది. ఆ ఆమోదాన్ని సవాలు చేస్తూ గంటాయే హైకోర్టుకు వెళ్లారు. ఎవరి ఎత్తు ఏమిటన్నది రాజకీయ విశ్లేషకులకు వదిలేద్దాం. ఓటరు వైపు నుంచి చూస్తే జరిగింది ఇది: సభ గడువు ఏడాది కూడా మిగల్లేదు కాబట్టి ఉప ఎన్నిక రాలేదు. కొద్ది నెలల్లో సాధారణ ఎన్నికలొచ్చేసరికి ఉత్తరం సీటు పొత్తులో బీజేపీకి వెళ్లింది, గంటా భీమిలికి వెళ్లారు. ఉక్కు కోసం పదవి వదులుకుంటానన్న మాటను మెచ్చుకోవాలో తిరస్కరించాలో, 2019లో ఆయన్ను 1,944 ఓట్ల తేడాతో గట్టెక్కించిన ఓటర్లను ఎవరూ అడగలేదు.

నాయకుడు ఎక్కడ నిలబడాలో పార్టీ తేలుస్తుంది, అందుకు మనిషిని తప్పుపట్టడం అన్యాయం అన్నది మొదటి అభ్యంతరం. ఇందులో నిజముంది. పరవాడ నుంచి మూడుసార్లు గెలిచిన బండారు సత్యనారాయణమూర్తికి 2009 నాటికి పునర్విభజనలో ఆ నియోజకవర్గమే లేకుండా పోయింది. పెందుర్తికి మారారు, 2014లో గెలిచారు, 2019లో ఓడారు. 2024లో పెందుర్తిని జనసేనకు ఇవ్వడంతో మాడుగుల వెళ్లి గెలిచారు. ఆయన మార్పులు నెత్తిన పడినవి. ఉత్తరం బీజేపీకి పోవడమూ గంటా ఒక్కరి నిర్ణయం కాదు. అయితే 2024లో ఆయన్ను చీపురుపల్లి పంపాలని పార్టీ తలపెట్టిందనీ, ఆయన ఒప్పుకోలేదనీ అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. భీమిలే కావాలన్నారు, భీమిలే వచ్చింది. సీటు విషయంలో ‘వద్దు’ అనగలిగిన నాయకుడికి, ‘ఉన్నచోటే ఉంటాను’ అనే శక్తి అంతకు ముందు ఏ ఎన్నికల్లోనూ లేదంటే నమ్మడం కష్టం.

రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. గంటా శాసనసభకు గెలిచిన అయిదుసార్లలో మూడుసార్లు ఆయన పార్టీ రాష్ట్రంలో ఓడింది. 2004లో తెలుగుదేశం కూలిన ఏడాది చోడవరం, ప్రజారాజ్యానికి 18 సీట్లే దక్కిన 2009లో అనకాపల్లి, తెలుగుదేశం 23కి పడిపోయిన 2019లో విశాఖ ఉత్తరం. ఎదురుగాలిలో గెలిచిన మనిషికి ప్రజాబలం లేదనడం కుదరదు, నేనూ అనను. కానీ 2019లో విశాఖ నగరంలోని తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నాలుగూ తెలుగుదేశానికే దక్కాయి. రాష్ట్రమంతా ఒక దారి పట్టినప్పుడు నగరం వేరే దారిలో ఉందన్నమాట. ఎక్కడ గాలి తమకు అనుకూలమో ముందే పసిగట్టడం ఒక విద్య, ఆ విద్య గంటాకు బాగా వచ్చు. భీమిలి ఫలితాలు వరసగా చూడండి: 2009లో ప్రజారాజ్యం తరఫున ముత్తంశెట్టి శ్రీనివాసరావు, 2014లో తెలుగుదేశం తరఫున గంటా, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున మళ్లీ ముత్తంశెట్టి, 2024లో మళ్లీ గంటా. మొదటి పోటీకీ రెండో పోటీకీ మధ్య ముత్తంశెట్టి తెలుగుదేశం తరఫున అనకాపల్లి ఎంపీగానూ ఉన్నారు. ఇద్దరు నాయకులు, మూడు పార్టీలు, ఒకే ఊరు. గత మూడు ఎన్నికల్లోనూ రాష్ట్రంలో గెలిచిన పార్టీయే అక్కడా గెలిచింది. 2024లో గంటాకు వచ్చిన 92,401 ఓట్ల మెజారిటీ కళ్లు తిప్పుకోనిచ్చేది కాదు, నిజమే. అదే రోజు గాజువాకలో పల్లా శ్రీనివాసరావుకు 95,235 వచ్చింది. పల్లా మాత్రం 2014లో గెలిచిన చోటే 2019లో ఓడి, అక్కడే మళ్లీ నిలబడి ఆ మెజారిటీ తెచ్చుకున్నారు.

విశాఖ అంతా ఒకటే నగరం కదా, భీమిలికీ ఉత్తరానికీ ఏం దూరం అని కొందరంటారు. స్థానికుడు కాకపోతే నేరమా అని మరికొందరు. 1933లో ఓడరేవు తెరుచుకున్న నాటి నుంచి షిప్‌యార్డు, నౌకాదళం, ఉక్కు కర్మాగారం వరకు వలస వచ్చినవాళ్లు కట్టిన ఊరు ఇది. ఇక్కడ పుట్టుక గురించి పేచీ పెట్టేవాళ్లు తమ తాతల ఊరు ముందు చెప్పాలి. నా పేచీ పుట్టుకతో కాదు, నిలకడతో. బయటి నుంచి రావచ్చు, వచ్చాక ఉండాలి. అసలు దూరమే సమస్య కానప్పుడు, పాత ఓటర్ల దగ్గరికి తిరిగి వెళ్లడానికీ దూరం అడ్డు కాకూడదు.

ఒకే చోట ముప్పై, నలభై ఏళ్లు పాతుకుపోతే నియోజకవర్గం సొంత ఎస్టేటులా మారుతుందన్న భయం నాకూ ఉంది. వారసులు సిద్ధమవుతారు, అధికారుల బదిలీలు ఆ ఇంటి గడపలో తేలతాయి. కానీ ఆ కోటను పగలగొట్టే ఆయుధం కూడా అక్కడి ఓటరు చేతిలోనే ఉంటుంది. నర్సీపట్నం మూడుసార్లు పగలగొట్టింది. ఓటమే లేని రికార్డును మెచ్చుకోవాలంటే విశాఖ తూర్పు ఉంది. వెలగపూడి రామకృష్ణబాబు 2009 నుంచి నాలుగు ఎన్నికల్లో ఒకే పార్టీ, ఒకే స్థానం నుంచి గెలిచారు. ఆయన పనితీరు మీద ఎవరికి ఏ అభిప్రాయమైనా ఉండొచ్చు. ఆ నాలుగింటిలో మూడు మాత్రం ఆయన్ను శాసనసభ్యుడిగా చూసిన ఓటర్లు మళ్లీ వేసిన ఓట్లు.

చట్టానికి ఇదంతా పట్టదు. ఫిరాయింపుల నిరోధక చట్టం రెండు ఎన్నికల మధ్య గోడ దూకేవారినే పట్టుకుంటుంది. ఎన్నికల ముందు సీటు మారినా, పార్టీ మారినా దాని కంటికి ఆనదు. అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టసభలకు పోటీ చేసేవారు ఆ నియోజకవర్గంలోనే నివసించాలి. మన దగ్గర రాష్ట్రంలో ఎక్కడ ఓటున్నా చాలు. అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే ఫారం-26 అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ రాయాలి. గత అయిదేళ్లు ఎక్కడ శాసనసభ్యుడిగా ఉన్నారో, అక్కడ ఏం చేశారో రాసే గడి లేదు. నివాస నిబంధన ఇక్కడ పనికొస్తుందని నేననుకోను, ఒక అద్దె ఇంటి చిరునామాతో తేలిపోయే వ్యవహారం అది. సీటు మారే సిట్టింగ్ సభ్యుడు పాత స్థానంలో ఇచ్చిన హామీలు, నియోజకవర్గానికి తెచ్చిన నిధులు, సభకు హాజరైన రోజులు, అడిగిన ప్రశ్నలు అఫిడవిట్‌తోపాటు బయటపెట్టాలన్న నిబంధన మాత్రం సాధ్యమే. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. పార్టీలు తలచుకుంటే చట్టం కూడా అక్కర్లేదు, టికెట్ ఇచ్చే ముందు అడిగితే చాలు.

ఈలోగా ఆ పని భీమిలి ఓటర్లు చేయొచ్చు. మధురవాడలో నిన్నమొన్న ఇల్లు కొనుక్కున్న ఉద్యోగి మొదలుకొని పద్మనాభం రైతు దాకా, రాష్ట్రంలో అత్యధిక ఓటర్లున్న నియోజకవర్గాల్లో ఒకటి వాళ్ల చేతిలో ఉంది. 2029లో మళ్లీ ఇక్కడే పోటీ చేస్తారా అని గంటాను ఇప్పుడే అడగండి. ఆయన ‘అవును’ అని, ఆ మాట మీద నిలబడితే, ఒకే స్థానం నుంచి వరుసగా రెండోసారి పోటీ చేయడం ఆయన ఎన్నికల జీవితంలో అదే మొదటిసారి అవుతుంది.