మామయ్య జవాబులు: మోతీ ఎందుకు ఆగాలి?

పిల్లలూ! ఈ నెల వచ్చిన ఉత్తరాలలో రాజమండ్రినుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. ఆమె ఇలా రాసింది:

“మామయ్యా! మా నాన్నగారికి ఇంగ్లండులో ఉద్యోగం అయింది. ఆయన వచ్చే నెలలో వెళతారు. ఏప్రిల్‌లో నా పరీక్షలు కాగానే అమ్మా, నేనూ వెళతాం. మా కుక్క మోతీని కూడా తీసుకుపోవాలి. దానికి ఏ జబ్బూ లేదని పశువుల డాక్టరుగారే చెప్పారు. అయినా నాలుగు నెలలు ఆగితేగాని ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరట. జబ్బు లేని కుక్క ఎందుకు ఆగాలి? ఎవరికీ చెప్పకుండా బుట్టలో దాచి తీసుకుపోతే ఏమవుతుంది?”

అమ్మాయీ, నీకు కోపం రావటంలో తప్పు లేదు. కాని జబ్బు లేకపోవటం వేరు, జబ్బు కనిపించకపోవటం వేరు. నీ ప్రశ్నకు జవాబంతా అందులోనే ఉన్నది.

పిచ్చికుక్కల సంగతి మీరందరూ విన్నదే. ఆ పిచ్చికి కారణం రేబిస్ అనే వైరసు. జబ్బుపడిన జంతువు చొంగలో అది ఉంటుంది. జంతువు కరిచినప్పుడు గాయం గుండా లోపలికి పోయి, ఒక నరాన్ని పట్టుకుని, మెల్లిగా మెదడుకేసి పాకుతుంది. ఈ ప్రయాణానికి కొన్ని వారాలు పట్టవచ్చు, కొన్ని నెలలు కూడా పట్టవచ్చు. అంతకాలమూ కుక్క చక్కగా తింటుంది, ఆడుకుంటుంది, తోక ఊపుతుంది. దాన్ని చూసి లోపల వైరసు ఉన్నదని ఎంత గొప్ప డాక్టరైనా చెప్పలేడు. అది మెదడును చేరి, అక్కడినుంచి చొంగలోకి దిగిన తరవాతగాని జబ్బు బయటపడదు. బయటపడిందా, ఇక మందు లేదు. కుక్కకే కాదు, మనిషికీ అంతే.

ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు ఉన్న బ్రిటన్ చుట్టూ సముద్రమే. అక్కడివారు వెనక కుక్కల మూతులకు చిక్కాలు కట్టించి, ఊరకుక్కలను పట్టించి, బయటినుంచి వచ్చే కుక్కలను ఆరు నెలలు వేరుగా ఉంచి, 1902 నాటికి రేబిస్‌ను తమ దేశంలో లేకుండా చేశారు. ఇలా వేరుగా ఉంచటాన్ని క్వారంటైన్ అంటారు. ఇటలీ భాషలో నలభైని చెప్పే మాటనుంచి ఈ పేరు వచ్చింది. పూర్వం వెనిస్ నగరంలో ప్లేగు భయంచేత ఓడలను నలభై రోజులు ఆపేవారు.

అంత కష్టపడి తరిమిన రేబిస్ 1918లో మళ్ళీ బ్రిటన్‌కు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంనుంచి తిరిగి వస్తూ కొందరు సైనికులు తమ కుక్కలను దొంగచాటుగా తెచ్చుకున్నారనీ, దానితోనే జబ్బు వచ్చిందనీ చెబుతారు. వాళ్ళూ నీలాగే కుక్కలను ప్రేమించినవాళ్ళే! మళ్ళీ దాన్ని వదిలించుకోవటానికి 1922 దాకా పట్టింది.

1969లో మరొక వింత జరిగింది. జర్మనీనుంచి తెచ్చిన ఒక కుక్క ఆరు నెలలూ క్వారంటైన్‌లో గడిపింది. గడువు తీరి, కేంబర్లీ అనే ఊళ్ళో తన ఇల్లు చేరుకున్నది. తరవాత కొద్ది రోజులకే దానికి రేబిస్ బయటపడింది! అంటే కుక్కను బోనులో ఉంచి కాలం గడిపినంత మాత్రాన చాలదన్నమాట.

అందుచేత తరవాత శాస్త్రజ్ఞులు మంచి ఉపాయం చూశారు. టీకా వేసి, అది పని చేసిందో లేదో రక్తంలో వెతకటమే ఆ ఉపాయం. 2000 సంవత్సరంలో బ్రిటన్ కొన్ని దేశాల కుక్కలకు ఈ పద్ధతి పెట్టింది. మన దేశపు కుక్కలకు కూడా 2012నుంచి ఆరు నెలల బోను తప్పింది. ఇప్పుడు మోతీ ఆగవలసింది మీ ఇంట్లోనే, నీ పక్కనే!

ఇక పని ఎలా జరుగుతుందో చూడు. మొదట మోతీ చర్మం కింద బియ్యపు గింజంత చిప్పు పెడతారు. అందులో 15 అంకెల సంఖ్య ఉంటుంది. దానికి బ్యాటరీ లేదు. చదివే యంత్రాన్ని దగ్గర పెడితే, ఆ యంత్రం పంపే రేడియో తరంగాలతోనే అది మేలుకుని తన సంఖ్య చెబుతుంది. చిప్పు పెట్టిన తరవాతనే రేబిస్ టీకా వెయ్యాలి. ముందు వేసిన టీకా లెక్కలోకి రాదు. ఎందుకంటే, టీకా వేసింది ఈ కుక్కకేనని రుజువు ఏది?

టీకా వేసిన 30 రోజుల తరవాత రక్తం తీసి, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపుతారు. వైరసును ఎదిరించే యాంటీబాడీలు రక్తరసంలో మిల్లీలీటరుకు కనీసం 0.5 యూనిట్లు ఉండాలి. రక్తం తీసిన నాటినుంచి మూడు నెలలు ఆగాలి. “టీకా పని చేసిందని తెలిసింది గదా, మళ్ళీ ఆగటం దేనికి?” అంటావేమో. టీకాకు ముందే వైరసు నరంలోకి చేరి ఉంటే, టీకా దాన్ని ఆపలేకపోవచ్చు. ఆ దాగిన దొంగ బయటపడటానికే ఈ మూడు నెలలూ!

చివరకు, బ్రిటన్ చేరటానికి ఐదు రోజులనుంచి ఒక రోజు ముందు లోపల బద్దెపురుగుకు మందు వేయించాలి. బయటి దేశాలకు పోయే జంతువులకు ఆరోగ్యపత్రం ఇచ్చే కేంద్ర ప్రభుత్వపు కార్యాలయం హైదరాబాదులో ఉన్నది.

ఇక బుట్ట సంగతి. 2015లో జానీ డెప్ అనే హాలీవుడ్ నటుడూ, ఆయన భార్యా తమ రెండు చిన్న కుక్కలను అధికారులకు చెప్పకుండా ఆస్ట్రేలియాకు తెచ్చారు. ఆ దేశపు కుక్కలలో రేబిస్ లేదు. కుక్కలను వెంటనే వెనక్కు పంపకపోతే చంపవలసి వస్తుందని అక్కడి మంత్రి చెప్పాడు. అవి తిరిగి విమానమెక్కాయి. ఆయన భార్య 1916లో కాదు సుమా, మొన్నమొన్న 2016లోనే కోర్టులో తప్పు ఒప్పుకోవలసి వచ్చింది. చూశావా, దాచినవాళ్ళకన్నా దాగిన కుక్కలకే ఎక్కువ ప్రమాదం!

ఇప్పుడు నవంబరు. ఈ వారంలోనే చిప్పు పెట్టించి టీకా వేయిస్తే, డిసెంబరులో రక్తం తీయవచ్చు, మార్చితో మూడు నెలలూ పూర్తవుతాయి. నీ పరీక్షలూ, మోతీ పరీక్షా ఒకేసారి ముగుస్తాయి! యజమాని ప్రయాణానికీ, కుక్క ప్రయాణానికీ ఐదు రోజులకు మించి తేడా ఉండకూడదు గనక, కాగితాలు నాన్నగారి పేర కాక అమ్మగారి పేర రాయించండి. మోతీ విమానంలో సరుకుల గదిలో వెళ్ళాలి. దాని పెట్టె అది లేచి నిలబడి, చుట్టూ తిరిగి, పడుకునేటంత ఉండాలి. ఇప్పటినుంచే రోజూ కాసేపు అందులో పడుకోబెట్టి అలవాటు చెయ్యి. నువ్వు కట్టి విడిచిన పాత గౌను ఒకటి లోపల వెయ్యి. నీ వాసన దానికి తోడుంటుంది.

పిల్లలూ, మీ అందరికీ ఒక మాట. రేబిస్ మన దేశంలో ఇంకా ఉన్నది. కుక్క కరిస్తే, గీరినా సరే, ఇంట్లో తిడతారని దాచకండి. గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. కుక్కనైనా, కుక్కకాటునైనా దాచరాదు!

— మామయ్య