కలాం పటానికి పూలదండ చాలదు

ఏటా అక్టోబరు 15 రాగానే మన వీధులలో ఒక వేడుక జరుగుతుంది. డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం చిత్రపటాన్ని బల్లమీద నిలబెట్టి, పూలదండ వేసి, పిల్లలకు పలకలో పెన్సిళ్ళో పంచి, నలుగురు పెద్దలు నాలుగు మాటలు చెప్పి ఇళ్ళకు వెళ్ళిపోతారు. ఆ పెద్దలలో నేనూ ఒకణ్ణి. అందుచేత ఈ వ్యాసంలోని మందలింపు మొదట నాకు వర్తిస్తుంది, తరువాతే ఇతరులకు.

ఆ సభలలో నేను ఇన్నేళ్ళుగా విన్న ప్రసంగాలలో ఒక్కదానిలోనైనా, కలాం గారు తొలి కులపతిగా ఉన్న ఒక విశ్వవిద్యాలయం ప్రస్తావన రాలేదు. మన పిల్లలు అందులో ఎలా చేరాలో చెప్పిన వక్త ఒక్కరూ లేరు. అది తిరువనంతపురం సమీపాన వలియమల కొండల మధ్య ఉన్న భారతీయ అంతరిక్ష విజ్ఞాన, సాంకేతిక సంస్థ. ఐ.ఐ.ఎస్.టి. అని పిలుస్తారు. 2007లో కేంద్ర అంతరిక్ష శాఖ దీనిని స్థాపించింది. 2015లో మరణించే వరకు కలాం గారే దానికి కులపతి.

అక్కడ జరిగేది రాకెట్ బొమ్మలు చూపించే చదువు కాదు. రాకెట్ చుట్టూ గాలి ప్రవహించే తీరు, ఇంధనం మండి తోపుగా మారే విధానం, సన్నని లోహపు గోడ ఎంత ఒత్తిడిని భరిస్తుందన్న లెక్క, ఇవన్నీ ఏరోస్పేస్ ఇంజనీరింగులో నేర్పుతారు. ఉపగ్రహానికి మెదడు, నాడులు వంటి ఎలక్ట్రానిక్ పరికరాల విద్య ఇంకొక శాఖ. భౌతికశాస్త్రంతో మొదలై స్నాతకోత్తర పట్టంతో ముగిసే కోర్సు మూడవది. వీటి పైన ఎం.టెక్., పిహెచ్.డి. పరిశోధనలున్నాయి. 2022 ఫిబ్రవరి 14న మన శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి.-సి52 ఎగిరినప్పుడు, పెద్ద ఉపగ్రహంతోపాటు ఇన్‌స్పైర్‌శాట్-1 అనే 8.1 కిలోల చిన్న ఉపగ్రహం కూడా కక్ష్యలోకి చేరింది. పై వాతావరణంలోని అయనోస్ఫియరునూ, సూర్యుని బాహ్యావరణం అంతగా వేడెక్కడానికి కారణాన్నీ పరిశీలించడం దాని పని. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ ప్రయోగశాల తోడ్పాటుతో, సింగపూర్, తైవాన్ విశ్వవిద్యాలయాలు కూడా చేయి కలపగా, ఈ సంస్థ ఆధ్వర్యంలో అది తయారయింది. నిర్దేశించిన మార్కులు సాధించిన పట్టభద్రులను, ఖాళీలను బట్టి, ఇస్రో నేరుగా శాస్త్రవేత్తలుగా తీసుకుంటుంది. మన దేశంలో ఇటువంటి చదువు, ఇటువంటి ఉద్యోగద్వారం ఒకేచోట దొరకడం అరుదు.

ఆ ద్వారం దగ్గర మన పిల్లలు ఎంతమంది నిలబడుతున్నారు? 2006లో సచార్ కమిటీ దేశంలోని ఐ.ఐ.టి.లన్నిటిలో 27,161 మంది విద్యార్థులను లెక్కించింది. వారిలో ముస్లింలు 894 మంది, అంటే నూటికి 3.3. ఆ తరువాత పరిస్థితి మెరుగుపడిందని తృప్తిపడే అవకాశం కూడా లేదు. కేంద్ర విద్యాశాఖ వారి ఉన్నతవిద్యా సర్వే ప్రకారం 2019-20లో కళాశాలలలో ఉన్న ముస్లిం విద్యార్థులు సుమారు 21 లక్షలు. మరుసటి ఏడాదికి 19.21 లక్షలయ్యారు. ఆ ఏడాది మొత్తం విద్యార్థులలో మన వాటా 4.6 శాతం. 2011 జనాభా లెక్కలలో మన వాటా 14.2 శాతం. ఈ రెండు అంకెల మధ్యనున్న దూరమే మన సమస్య.

ఇక్కడ కొందరు ఒక ప్రశ్న వేస్తారు. “ప్రతిభ ఉంటే ఎవరాపుతారు? కలాంను ఎవరాపారు?” అని. పాలకులూ ఇదే అడుగుతారు, మన పెద్దలూ ఇదే అడుగుతారు. కలాం పేరు చెప్పి ఒకరు బాధ్యత దులుపుకుంటారు, మరొకరు గర్వపడి ఊరుకుంటారు. కలాం గారు తమ ఆత్మకథలో స్వయంగా చెప్పుకున్న విషయాన్ని ఇద్దరూ మరచిపోతారు. మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆయనకు సీటు వచ్చినప్పుడు, చేరడానికి కావలసిన సుమారు వెయ్యి రూపాయలు ఆ ఇంట లేవు. అక్క జోహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టింది. ఆ తరువాత, విమానం నమూనా పని సకాలంలో సాగలేదని ఆచార్యుడు ఆగ్రహించి, మూడు రోజులలో పూర్తి చేయకపోతే స్కాలర్‌షిప్పు రద్దు చేస్తానన్నప్పుడు, ఆ యువకుడు రాత్రింబవళ్ళు కూర్చుని పని ముగించాడు. ఆ స్కాలర్‌షిప్పే అతని చదువుకు ఆధారం మరి! కలాం ప్రతిభ కలాందే. ఆ ప్రతిభను తరగతి గదిదాకా చేర్చినవి మాత్రం ఒక అక్క గాజులు, ఒక స్కాలర్‌షిప్పు.

మరి నేడు ఆ స్కాలర్‌షిప్పుల గతి ఏమిటి? మైనారిటీ విద్యార్థుల ప్రీ-మెట్రిక్ ఉపకారవేతనాన్ని 2022-23 నుంచి తొమ్మిది, పది తరగతులకే పరిమితం చేశారు. ఎనిమిదవ తరగతి వరకు నిర్బంధ ఉచిత విద్య ఉన్నదిగనుక అక్కర లేదన్నారు. ఎం.ఫిల్., పిహెచ్.డి. చేసే మైనారిటీ పరిశోధకులకు ఇచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పును 2022 డిసెంబరులో రద్దు చేశారు. ఇతర పథకాలతో అది కలిసిపోతున్నదని పార్లమెంటులో కారణం చెప్పారు. కలిసిపోతే రెండుసార్లు తీసుకోకుండా కట్టడి చేయవచ్చు. ఒక పరిశోధకుడు రెండు ఫెలోషిప్పులు తీసుకోకూడదన్న నిబంధన రాయడానికి ఒక పేజీ చాలు. ముప్పై ఆరేళ్ళు అటువంటి పేజీలు రాసిన గుమాస్తాగా ఈ మాట చెబుతున్నాను. తలనొప్పి వచ్చిందని తల తీసివేయడం పరిపాలన కాదు. పునాదిలో ఉపకారవేతనం తగ్గించి, శిఖరం మీద ఫెలోషిప్పు తొలగించి, మధ్యలో కలాం పటం తగిలిస్తే సరిపోతుందా?

ప్రభుత్వాన్ని విమర్శించి ఊరుకుంటే ఈ వ్యాసం సగమే అవుతుంది. మిగిలిన సగం మన ఇంటిది.

మా పట్టణంలో పరుపులు కుట్టి జీవించే ఒక నూర్‌బాషా కుటుంబం ఉంది. ఆ ఇంటి పిల్లవాడు లెక్కలలో చురుకైనవాడు. జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ పరీక్షలో వెనుకబడిన తరగతుల కోటాలో ఆశ పెట్టుకోదగిన ర్యాంకు తెచ్చుకున్నాడు. ఐ.ఐ.ఎస్.టి.కి దరఖాస్తు కూడా చేశాడు. అయితే జతచేసిన కుల ధ్రువపత్రం రాష్ట్ర నమూనాలోది. కేంద్ర సంస్థకు కావలసింది కేంద్ర నమూనాలో, క్రీమీ లేయర్ కాదని తెలుపుతూ, ఆ ఏడాది ఏప్రిల్ 1 తరువాత ఇచ్చిన పత్రం. విషయం తెలిసి ఆ తండ్రి ఒక కార్యాలయానికి పరుగెత్తాడు. ఈరోజు సిబ్బంది లేరన్నారు, రేపు సర్వర్ పనిచేయడం లేదన్నారు. గడువు దాటిపోయింది. అబ్బాయిని జనరల్ జాబితాలో చూశారు, సీటు రాలేదు.

ఆ తండ్రి పాత పత్రాన్ని నా చేతిలో పెట్టి, “గుమాస్తా గారూ, ఇదీ సర్కారు ముద్రే కదండీ?” అని అడిగాడు. నిష్ఠూరంగా అడగలేదు, అర్థంకాక అడిగాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నా ఉద్యోగకాలంలో అటువంటి పత్రాలు వందలకొద్దీ నా బల్లమీదుగా వెళ్ళాయి. “ఇది ఎందుకు నాయనా? రాష్ట్రానికా, కేంద్రానికా?” అని ఒక్కరినైనా అడిగిన జ్ఞాపకం లేదు. అడిగి ఉంటే అర నిమిషం పట్టేది. ఆ అర నిమిషం విలువ ఏమిటో పదవీ విరమణ తరువాత ఒక పరుపులు కుట్టే మనిషి నాకు నేర్పాడు.

కాబట్టి చదువరులు ఈ నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోవాలని మనవి. మొదటిది: జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ రాసినంత మాత్రాన ఐ.ఐ.ఎస్.టి. సీటు రాదు. ఐ.ఐ.టి.ల కౌన్సెలింగుతో దీనికి సంబంధం లేదు. సంస్థకు విడిగా దరఖాస్తు చేసుకోవాలి. రెండవది: నూర్‌బాషా, దూదేకుల, లద్దాఫ్, పింజారి సోదరులు కేంద్ర ఓ.బి.సి. జాబితాలో ఉన్నారు. వారు కేంద్ర నమూనా పత్రాన్ని ఏప్రిల్‌లోనే తీసుకోవాలి. మూడవది: రాష్ట్రంలో బి.సి.-ఇ కింద ఉన్న వర్గాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. తమ పేరు అందులో ఉన్నదో లేదో ముందుగా చూసుకోవాలి. నాలుగవది: కేంద్ర జాబితాలో లేనివారు, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండి, భూమి, ఇల్లు పరిమితులకు లోబడి ఉంటే, ఆర్థికంగా బలహీన వర్గాల 10 శాతం కోటాకు అర్హులు. “మీకు బి.సి.-ఇ ఉంది కదా, ఇది ఇవ్వము” అని ఎవరైనా అంటే, కేంద్ర సంస్థ ప్రవేశానికి కేంద్ర జాబితాయే ప్రమాణమని వినయంగా, రాతపూర్వకంగా చెప్పండి. నోటిమాటకు కార్యాలయంలో ఆయుష్షు లేదు.

మన బిరాదరీలో వినిపించే ఇంకొక మాట ఉంది. “ఆ ఉద్యోగాలు మనవాళ్ళకు ఇవ్వరు. రాకెట్ల దగ్గరికి మనల్ని రానిస్తారా?” అని. ఈ అనుమానం ఊరకే పుట్టలేదు. వివక్ష చవిచూసిన గుండెల్లోనుంచే వచ్చింది. అయినా ఇది మన పిల్లల కాళ్ళకు మనమే వేస్తున్న బేడీ. తమిళనాడులోని సెంగోట్టైలో రైతు కుటుంబంలో పుట్టిన నిగార్ షాజీ 1987లో శ్రీహరికోటలో ఇస్రో ఉద్యోగంలో చేరారు. 2023 సెప్టెంబరు 2న సూర్యుని పరిశీలనకు బయలుదేరిన ఆదిత్య-ఎల్1కు ఆమే ప్రాజెక్టు డైరెక్టరు. ఆడపిల్లను తిరువనంతపురం దాకా ఎలా పంపుతామని సందేహించే తల్లిదండ్రులు, ఆ తల్లిదండ్రులు తమ బిడ్డను ఇల్లు దాటి పంపిన సంగతి ఒకసారి తలచుకోవాలి. ఇక వివక్ష ఎదురైతే పోరాడదాం, తప్పదు. కాని దరఖాస్తే చేయనివాడికి జరిగిన అన్యాయాన్ని ఏ న్యాయస్థానమూ విచారించదు. ఫైలు లేని చోట సాక్ష్యం ఉండదు.

టిప్పు సుల్తాన్ రాకెట్ల గురించి కూడా మనం సభలలో ఛాతీ విరుచుకుంటాం. విరుచుకోవలసిందే. ఇనుప గొట్టాలతో చేసిన ఆ మైసూరు రాకెట్లు 1780లో పొల్లిలూరు వద్ద కంపెనీ సైన్యాన్ని కలవరపెట్టాయి. అయితే కథ అక్కడ ఆగలేదు. 1799లో శ్రీరంగపట్టణం పతనమైన తరువాత ఆ రాకెట్లు ఇంగ్లండులోని వూల్విచ్‌కు చేరాయి. విలియం కాంగ్రీవ్ వాటిని ఆధారం చేసుకుని ప్రయోగాలు చేశాడు. చివరకు లోకమంతా వాటిని కాంగ్రీవ్ రాకెట్లు అన్నది. ఆయుధం మనది, ప్రయోగశాల వాళ్ళది. ప్రయోగశాల ఎవరిదో పేరు వారిది. రెండు వందల ఏళ్ళ తరువాత ప్రయోగశాల మన దేశంలోనే ఉంది. ప్రవేశ ప్రకటన ఏటా వెలువడుతోంది. ఇప్పుడు కూడా మనం టిప్పు పేరు చెప్పి చప్పట్లు కొట్టి ఇంటికి పోతే, ఆ తప్పు కాంగ్రీవ్‌ది కాదు.

హైదరాబాదులో కంచన్‌బాగ్ గోడ అవతల క్షిపణి ప్రయోగశాల ఉంది. 1982లో కలాం గారు దానికి డైరెక్టరుగా వచ్చారు. అగ్ని, పృథ్వి రూపుదిద్దుకున్నది ఆ ఆవరణలోనే. గోడ ఇవతల హఫీజ్ బాబా నగర్, పాతబస్తీ. ఆ గోడ పక్కన గాలిపటాలు ఎగురవేసే పిల్లలకు గాలి ఎటు వీస్తే దారం ఎంత వదలాలో బాగా తెలుసు. ఆ తెలివికి గోడ అవతల పేరు ఏరోడైనమిక్స్ అని వారికి చెప్పిన వారెవరు?

మా కోరికలు స్పష్టమైనవి. మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును పునరుద్ధరించాలి. ఐ.ఐ.ఎస్.టి. వంటి కేంద్ర సంస్థలు తమ ప్రవేశాల వివరాలను సామాజిక, మత వర్గాలవారీగా ఏటా ప్రకటించాలి. ఉన్న లోటు కనబడకుండా దానిని పూడ్చలేము. తెలంగాణలో 204 మైనారిటీ గురుకులాలున్నాయి. వాటిలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోని మైనారిటీ గురుకులాలలోనూ ఇంటర్ స్థాయిలో గణితం, భౌతికశాస్త్రం బోధించే నిపుణులను నియమించి జె.ఇ.ఇ. శిక్షణ ఇవ్వాలి. కేంద్ర నమూనా ధ్రువపత్రాలు ఇన్ని రోజులలోగా ఇవ్వాలని గడువు విధించి, దాటితే జవాబుదారీ చేయాలి.

మనం చేయవలసినది కూడా అంతే స్పష్టం. ప్రతి మస్జిద్ కమిటీ ఏప్రిల్, మే, జూన్ నెలలలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు ఏర్పాటు చేయాలి. నావంటి పదవీ విరమణ చేసిన ఉద్యోగులు ప్రతి ఊరిలో ఉన్నారు. మాకు నమూనాలు తెలుసు, మాకు తీరిక ఉంది. అర్హులైన పేద విద్యార్థి దరఖాస్తు రుసుముకు, ప్రయాణానికి జకాత్ సొమ్ములో చోటు ఉండాలి. పదవ తరగతి పాసైన పిల్లవాణ్ణి వెంటనే దుకాణంలో కూర్చోబెట్టేముందు, లెక్కలలో వాడికి ఎన్ని మార్కులు వచ్చాయో ఒక్కసారి చూడాలి.

మా మస్జిద్ ముందు గదిలో ఆ బల్ల గత రెండేళ్ళుగా నడుస్తోంది. వచ్చిన ప్రతివారినీ మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: “ఇది రాష్ట్రానికా, కేంద్రానికా?” ఆ పరుపులు కుట్టే ఇంటి చిన్నమ్మాయి ఈ ఏడు ఇంటర్‌లో గణితం తీసుకుంది. ఆమె కేంద్ర నమూనా పత్రం ఏ తేదీన తీసుకోవాలో మా గోడమీది క్యాలెండరులో ఎర్ర సిరాతో రాసి పెట్టాను. అక్టోబరు 15న కలాం పటానికి దండ వేయండి, తప్పు లేదు. కాని మీ వీధిలో ఏ బిడ్డకు ఏ తేదీ రాసి పెట్టారో ఆ సభలో చెప్పి మరీ వేయండి.